విశాఖలో ఆస్టియోపతి చేతి చికిత్స: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

నడుం పట్టేస్తే మన ఊళ్ళో మొదట ఉప్పు కాపడం పెడతారు. తగ్గకపోతే ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని వెతికి తన్నించుకుంటారు. మెడ పట్టేస్తే సెలూన్లో తల అప్పగించి విరిపించుకుంటారు. ఇలాంటి అలవాట్లున్న చోట ఫిజియోథెరపీ బోర్డుల మీద ఇప్పుడు ఆస్టియోపతి, మాన్యువల్ థెరపీ, కైరో (కైరోప్రాక్టిక్) అన్న మాటలు కూడా కనిపిస్తున్నాయి. అన్నీ కండల్నీ కీళ్ళనీ చేత్తో వదులుచేసే పద్ధతులే. పేరేదైనా, ఒక సెషన్ అని చెప్పి చేసేది ఆరేడు వేర్వేరు మెళకువల కలగలుపు. వాటిలో కొన్ని నొప్పిని నిజంగానే దించుతాయి. కొన్ని కాసేపు హాయిగా ఉంటాయి, అంతే. ఒకటి మాత్రం తెలియని చేతిలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ సమీక్ష ఏ ఒక్క క్లినిక్‌కీ స్టార్లు ఇవ్వదు. బల్ల మీద జరిగే పనిని దేనికది విడదీసి, దేని విలువ ఎంతో చెబుతుంది.

ముందు పేరు సంగతి. ఆస్టియోపతికి ఆద్యుడు అమెరికా డాక్టరు ఆండ్రూ టేలర్ స్టిల్. 1874లో ఈ పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రం కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. అమెరికాలో ఆ చదువు చదివిన డీవోలు (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. బ్రిటన్‌లో 1993 చట్టం కింద నమోదయ్యే ఆస్టియోపాత్‌ల పని మాత్రం ప్రధానంగా చేతి చికిత్స. మన దగ్గర ఈ మెళకువలు చేసేది ఎక్కువగా ఫిజియోథెరపిస్టులే, బీపీటీయో ఎంపీటీయో (ఫిజియోథెరపీలో డిగ్రీ, పీజీ) అయ్యాక విడి కోర్సుల్లో నేర్చుకుని. అది తప్పేమీ కాదు. శరీర నిర్మాణం చదివిన చెయ్యి, రోగుల్ని చూసిన చెయ్యి కావాలి, అంతే. కానీ కింద ఏ డిగ్రీ లేకుండా వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే గోడకి వేలాడుతుంటే అక్కడ పడుకోవద్దు.

చెయ్యి వెయ్యకముందు పది నిమిషాలు

మంచి సెషన్‌ని మొదటి పది నిమిషాల్లోనే గుర్తుపట్టొచ్చు. ఆ పది నిమిషాలూ ప్రశ్నలే ఉండాలి. రాత్రి నిద్రలో నొప్పి ఎక్కువవుతోందా? కారణం లేకుండా బరువు తగ్గారా? జ్వరం ఉందా? ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా? ఈమధ్య పడ్డారా? చాలాకాలం స్టెరాయిడ్లు వాడారా? రక్తం పల్చబడే మందులు వేసుకుంటున్నారా? ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా? నడుం నొప్పితో వచ్చినవాళ్ళని అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: మూత్రం, విరేచనం మీద పట్టు తప్పుతోందా, జీను మీద కూర్చుంటే తగిలే భాగమంతా మొద్దుబారిందా? దీనికి జవాబు అవునైతే ఆ మనిషిని బల్ల ఎక్కించకూడదు. అదే రోజు, అదే గంటలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పంపాలి. వెన్ను చివరి నరాల కట్ట నలిగినప్పుడు ప్రతి గంటా లెక్కే. ఈ ప్రశ్న సిగ్గుపడి అడగనివాళ్ళు సిగ్గు వల్ల ఒక మనిషిని జన్మంతా ఇబ్బందిలో పడేయగలరు.

ప్రశ్నల తర్వాత కొలత. నిలబడి ముందుకి వంగితే వేళ్ళు నేలకి ఎంత దూరంలో ఆగాయి? వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలెత్తితే ఎంతవరకు లేచింది? చెయ్యి వెనక్కి పెడితే బొటనవేలు వీపు మీద ఎక్కడిదాకా పాకింది? మెడ కుడికి ఎంత, ఎడమకి ఎంత తిరిగింది? ఆ తర్వాత వేళ్ళతో నాలుగు విషయాలు చూస్తారు: కండ ఎలా ఉంది, రెండు పక్కలకీ తేడా ఉందా, కదలిక ఎక్కడ తగ్గింది, నొక్కితే ఎక్కడ నొస్తోంది. సెషన్ అయ్యాక అవే కొలతలు మళ్ళీ తీసుకోవాలి. ఈ రెండో కొలత తీసేవాళ్ళు తక్కువ. ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగితే మొహమాటానికి ఎవరైనా ‘పర్లేదండీ’ అంటారు. వేళ్ళు నేలకి నాలుగంగుళాలు దగ్గరయ్యాయా లేదా అన్నదాంట్లో మొహమాటం ఉండదు. రెండుసార్లు కొలిచే చేతికే మా ఓటు.

కండతోనే కండని వదిలించడం

డబ్బుకి పూర్తి విలువ దక్కే మెళకువ ఇది. మజిల్ ఎనర్జీ టెక్నిక్ అంటారు; ఫ్రెడ్ మిచెల్ అనే అమెరికా ఆస్టియోపాత్ రూపొందించాడు. తొడ వెనక కండ బిగిసిన మనిషిని తీసుకోండి. వెల్లకిలా పడుకోబెట్టి, కాలు తిన్నగా ఎత్తుకుంటూ పోయి, మొదటి బిగువు తగలగానే ఆపాలి. నొప్పి పుట్టేదాకా పోకూడదు. మడమని థెరపిస్టు తన భుజం మీద ఆనించుకుంటారు. ఇప్పుడు రోగి మడమతో కిందికి నెట్టాలి, తన బలంలో ఐదోవంతు మాత్రమే, ఐదు సెకన్లు. థెరపిస్టు అంతే బలంతో ఆపుతారు, కాలు కదలదు. తర్వాత పూర్తిగా వదిలెయ్యమని చెప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, ఊపిరి బయటికి వదులుతుండగా కాలు కొంచెం పైకి, కొత్త బిగువు దాకా. ఇలా మూడు నుంచి ఐదు సార్లు.

ఇది చెడేది మూడు చోట్ల. రోగి పౌరుషానికి పోయి పూర్తి బలంతో నెడతారు. అప్పుడు నడుమూ పిరుదులూ కూడా బిగుస్తాయి, కావలసిన కండకి పని తగలదు. థెరపిస్టు ‘కొంచెం ఓర్చుకోండి’ అంటూ బిగువు దాటించి లాగుతారు. కండ భయపడి ఎదురు తిరుగుతుంది. మూడోది తొందర: వదులయ్యే ఆ రెండు మూడు సెకన్లు ఇవ్వకుండానే లాగెయ్యడం. కాలు పైకి వెళ్ళినంత మాత్రాన కండ పొడుగైందని కాదు. అంత సాగుడిని నరాల వ్యవస్థ ఇప్పుడు ప్రమాదంగా లెక్కపెట్టడం లేదని. అందుకే ఇంటి దగ్గర మళ్ళీ మళ్ళీ చెయ్యకపోతే పాత బిగువు తిరిగొస్తుంది.

ఋషికొండ ఐటీ ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని మెడ నుంచి రెక్క దాకా పట్టేసినవాళ్ళకి ఇదే పద్ధతి మెడ పక్క కండల మీద చేస్తారు. అక్కడ వాడే బలం ఇంకా తక్కువ ఉండాలి. తల బరువుకి చూపుడు వేలు అడ్డుపెట్టినంత. కొందరు కళ్ళతో పక్కకి చూడమని మాత్రమే చెబుతారు. చూపు తిరిగినవైపు మెడ కండలు వాటంతటవే కొద్దిగా బిగుస్తాయి, ఆపాటి బిగింపు చాలు. ఇలా చేయించే థెరపిస్టు దొరికితే వదులుకోవద్దు.

తొంభై సెకన్ల మౌనం

కౌంటర్‌స్ట్రెయిన్ అన్నది చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. అందుకే ‘ఊరికే కాలు పట్టుకు కూర్చున్నాడు, దీనికి ఇంత ఫీజా’ అని తిట్టుకుంటూ లేచిపోయేవాళ్ళుంటారు. లారెన్స్ జోన్స్ అనే ఆస్టియోపాత్ 1955లో, నిటారుగా నిలబడలేక, నిద్రపట్టక వచ్చిన ఒక రోగికి సుఖంగా పడుకునే భంగిమ వెతుకుతూ దీన్ని కనిపెట్టాడు. పట్టేసిన కండని లాగే బదులు ఇంకా ముడిచి పెడతారు.

పిరుదు లోపల నొప్పి ఉదాహరణ. త్రికాస్థి (నడుం కింద వెన్ను చివర ఉండే ఎముక) అంచుకీ తుంటి పక్కన తగిలే ఎముక ఉబ్బుకీ నడుమ నొక్కితే చురుక్కుమనే చోటు ఒకటుంటుంది. దాన్ని వేలితో పట్టి, ఆ నొప్పికి పది అని పేరు పెడతారు. రోగి బోర్లా పడుకుని ఉండగా ఆ వైపు కాలిని బల్ల అంచు నుంచి కిందికి దించి, తుంటి బాగా మడిచి, కొంచెం బయటికి తీసి, వేలి కింద నొప్పి పది నుంచి మూడుకో అంతకన్నా కిందికో దిగేదాకా అటూ ఇటూ సర్దుతారు. అక్కడ తొంభై సెకన్లు. గడియారం చూసి తొంభై. పక్కటెముకల దగ్గరైతే నూట ఇరవై. ఆ తర్వాత కాలిని రోగి సాయం లేకుండా, మెల్లగా, మొదటి కొన్ని డిగ్రీలు మరీ మెల్లగా యథాస్థానానికి తేవాలి. మళ్ళీ అదే చోట నొక్కి చూడాలి.

విఫలమయ్యేది దాదాపు ఎప్పుడూ మూడు కారణాల వల్లే: ముప్పై సెకన్లకే వదిలెయ్యడం, గబుక్కున వెనక్కి తేవడం, రోగి తన కాలిని తానే మోస్తూ ఉండటం. చివరిది గమనించాలంటే చేతికి కాలు బరువుగా తెలియాలి. తేలిగ్గా ఉందంటే రోగి ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఒక సెషన్‌లో ఐదారు చోట్లకి మించి చేయించుకోవద్దు. తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులు రావడం మామూలే. వయసు మళ్ళినవాళ్ళకి, నొప్పి కొత్తగా తీవ్రంగా ఉన్నవాళ్ళకి అన్నిటికంటే మృదువైన దారి ఇది.

భుజానికి ఏడు మెట్లు

సుగరున్నవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. జడ వేసుకోలేరు, వెనక జేబులో పర్సు తీయలేరు. ఫిషింగ్ హార్బర్‌లో వలలు లాగే చేతులకి, స్టీల్‌ప్లాంట్‌లో తల పైన చేతులెత్తి పనిచేసేవాళ్ళకి వచ్చే భుజం నొప్పులు వేరే రకం, చాలావరకు స్నాయువులవి, అంటే కండని ఎముకకి కలిపే తాళ్ళవి. ఈ తేడా చెప్పలేని చోట వైద్యం మొదలుపెట్టకూడదు. తేల్చుకునే పద్ధతి సులువు: మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పించాలి. రోగి తిప్పినా, థెరపిస్టు తిప్పినా ఒకే చోట ఆగిపోతే బిగుసుకున్న భుజాన్ని అనుమానించాలి, ఎక్స్‌రేలో కీలు అరగలేదని చూసుకుని. థెరపిస్టు తిప్పితే తిరిగి, రోగి తిప్పబోతే నొప్పితో ఆగితే చూడాల్సింది స్నాయువుని.

బిగుసుకున్న భుజానికి స్పెన్సర్ పద్ధతి బాగా నప్పుతుంది. 1916 నాటిది. బాగున్న భుజం కిందికి వచ్చేలా పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో రెక్కని (వీపు పైభాగంలోని పలక ఎముకని) కదలకుండా అదిమి పట్టుకుంటారు. రెండో చేత్తో వరసగా: చెయ్యి వెనక్కి, చెయ్యి ముందుకి, మోచేతిని నొక్కి పట్టి చిన్న వలయాలు, చెయ్యి లాగి పట్టి వలయాలు, పక్కకి ఎత్తడం, లోపలికి తిప్పడం, చివరగా కీలుని మెల్లగా లాగి వదలడం. ఒక్కో దానికి ఐదారు సార్లు, నొప్పి మొదలయ్యే గీత దగ్గర ఆగుతూ. రెక్కని అదిమి పట్టకపోతే భుజం బదులు రెక్క కదులుతుంది, చెయ్యి పైకి లేచినట్టు కనిపిస్తుంది గానీ కీలులో ఏమీ జరగదు. సెషన్ చేయించుకుంటూ మీరే గమనించగల తప్పు ఇది.

మూడు సిట్టింగులలో భుజం తెరిపిస్తామనే మాట నమ్మొద్దు. బిగుసుకున్న భుజం తన దారిలో తాను వదలడానికి ఏడాది నుంచి మూడేళ్ళు తీసుకోవచ్చు. చేతి చికిత్స ఆ కాలంలో నొప్పి తగ్గించి, ఉన్న కదలిక పోకుండా కాపాడుతుంది. అది చిన్న సాయమేమీ కాదు. అయితే రాత్రుళ్ళు నొప్పికి నిద్ర పట్టని మొదటి దశలో బలంగా సాగదీస్తే మంట ఎక్కువవుతుంది. ఆ దశలో ఎముకల డాక్టరు దగ్గర ఇంజెక్షన్ మాట ముందు ఆలోచించాలి.

‘టక్’మనే చప్పుడు

వీడియోలు చూసి వచ్చేవాళ్ళు అడిగేది ఇదే. కీలుని చివరి బిగువు దాకా తీసుకెళ్ళి, అతి చిన్న దూరం, అతి వేగంగా నెట్టడం. చప్పుడు మెటికలు విరిచినప్పుడు వచ్చేదే. కీలు లోపలి ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల పుడుతుంది. ఎముక జారి మళ్ళీ కూర్చున్న చప్పుడు కాదది. ఒకసారి మోగిన కీలు మళ్ళీ మోగడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది, అందుకే వెంటనే రెండోసారి నెట్టి చప్పుడు వెతకడం తెలివితక్కువ పని. చప్పుడు రాకపోయినా ఉపశమనం రావచ్చు, వచ్చినా రాకపోవచ్చు.

నడుముకీ, వీపు మధ్య భాగానికీ, ఎముకలు గట్టిగా ఉన్న మనిషికి, అర్హత ఉన్న చేతిలో ఇది ఫర్వాలేదు. నొప్పి తగ్గుతుంది, ఎక్కువమందికి కొద్ది రోజులే. గుల్లబారిన ఎముకలు, కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్), కాలిలోకి బలహీనత దిగుతున్న డిస్కు, రక్తం పల్చబడే మందులు: వీటిలో ఏది ఉన్నా వద్దే వద్దు. కీళ్ళవాతంలో మెడ పైరెండు పూసల మధ్య పట్టు సడలి ఉండొచ్చు, అక్కడ ఇలా నెడితే వెన్నుపాముకే దెబ్బ.

మెడ విషయంలో మా మాట గట్టిగానే చెబుతాం: మొదటి సెషన్‌లో మెడ విరిచే చోటుకి రెండోసారి వెళ్ళకండి. మెడపూసల పక్క రంధ్రాల్లోంచి మెదడుకి పోయే రక్తనాళాలుంటాయి. అవి చీలడం అరుదు, కానీ చీలితే పక్షవాతం. ఇంకో చిక్కుంది. ఆ నాళం అప్పటికే చీలడం మొదలైనప్పుడు తొలి లక్షణం మెడ నొప్పీ తలనొప్పే కావచ్చు. మామూలు మెడ పట్టు అనుకుని వచ్చిన ఆ మనిషి మెడనే ఇలా నెడితే? కళ్ళు తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి తూలిపడటం ఉన్నాయా అని అడగనిదే మెడ ముట్టకూడదు. సెలూన్ కుర్చీలో వెనక్కి వాల్చి తిప్పి విరిచేవాళ్ళు ఇవేవీ అడగరు. ఆ అలవాటు మానేద్దాం. ఆ విరుపు బదులు పైన చెప్పిన కంటిచూపు పద్ధతి చేయించుకోండి.

త్వరగా చెప్పగలిగినవి

కండల్ని పిసకడం, అడ్డంగా సాగదీయడం మంచి ఆరంభమే, పది నిమిషాలు చాలు. మన తీరంలో ఉక్కపోతకి వీపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ముందు తువ్వాలుతో తుడవకుండా నూనె పోస్తే చెయ్యి జారిపోయి లోపలి పొరని పట్టుకోదు. కండ మీది పొరని నెమ్మదిగా పట్టి ఉంచే పద్ధతికి అసలు నూనే వద్దు.

పుర్రె ఎముకల్ని వేలిమొనలతో తాకి లోపలి ద్రవం లయని సరిచేస్తామనే క్రేనియల్ పద్ధతికి డబ్బు పెట్టకండి. ఒకే తల మీద ఇద్దరు నిపుణులు చేతులు పెడితే ఇద్దరూ ఒకే లయ చెప్పలేరని పరీక్షల్లో తేలింది. అరగంట ప్రశాంతంగా పడుకుంటారు, దక్కేది అదే.

సెషన్‌తో కలిపి అంటగట్టే మిషన్ల గురించి: దీర్ఘకాలపు నడుం నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు ట్రాక్షన్ (నడుముని లాగి పట్టడం), టెన్స్ (చర్మం మీద వైర్లతో చిన్న కరెంటు పెట్టడం), అల్ట్రాసౌండ్, నడుం బెల్టులు రొటీన్‌గా వద్దన్నాయి. అదే పత్రం వ్యాయామాన్నీ, వెన్ను చేతి చికిత్సనీ, మసాజునీ పనికొచ్చే జాబితాలో ఉంచింది. అంటే నలభై నిమిషాల సెషన్‌లో పాతిక నిమిషాలు వైర్లు తగిలించి పక్క గదికి వెళ్ళిపోతే, మీరు డబ్బు కట్టింది వద్దన్న దానికే. చెయ్యి ఒంటి మీద ఉన్న నిమిషాలు లెక్కపెట్టుకోండి.

‘నరం మీద నరం ఎక్కింది, దించేశాం’, ‘డిస్కు లోపలికి నెట్టేశాం’, ‘ఒంట్లో విషాలు బయటికి పోతాయి, నీళ్ళు బాగా తాగండి’: ఈ మూడు మాటలు విన్నచోట జాగ్రత్త పడండి. నరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు, డిస్కుని చేత్తో లోపలికి నెట్టలేరు. కండ బిగిసింది, కదలిక తగ్గింది, దాన్ని వదిలించాం అన్న మాటలో నిజాయితీ ఉంది.

ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చాక పిక్కలు పట్టేసి వచ్చేవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. 32 కిలోమీటర్ల నడక తర్వాత రెండు పిక్కలూ నొస్తే అది కండ అలసట, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, తేలిగ్గా పిసికితే చాలు. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం చెయ్యి వెయ్యనివ్వకండి. నాళంలో రక్తం గడ్డకట్టి ఉంటే పిసికినప్పుడు ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. ముందు డాప్లర్ స్కాన్, అంటే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష.

ప్యాకేజీలు, ఇంటి పని

మొదటి రోజే పది సెషన్లకి డబ్బు కట్టించుకోవడం మాకు నచ్చని పద్ధతి. రెండు మూడు వారాల్లో మూడు నాలుగు సెషన్లు చాలు, దారి సరైనదో కాదో తెలియడానికి. అప్పటికి మొదటి రోజు కొలతలు కదలకపోతే ఐదోది దండగ, ఎముకల డాక్టరుకి చూపించాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకం చేతి చికిత్సని వ్యాయామంతో కలిపితేనే ఆలోచించమంది, విడిగా కాదు. కాబట్టి సెషన్ చివర రెండు వ్యాయామాలు నేర్పి, మీ చేత చేయించి చూసి, ఎన్నిసార్లో కాగితం మీద రాసిచ్చే చోటు ఎంచుకోండి. రెండే చాలు. పన్నెండు బొమ్మలున్న జెరాక్స్ కాగితం ఇస్తే మూడో రోజుకి అది ఫ్రిజ్ మీద మిగులుతుంది.

వెళ్ళేముందు ఫోన్లో కొన్ని అడగండి. మోకాళ్ళ నొప్పి ఉంటే ముందు లిఫ్ట్ ఉందా అని. మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చాక తీసిన కొలతకి అర్థం లేదు. చేసే మనిషి డిగ్రీ ఏమిటి? ఒక సెషన్‌లో చేత్తో చేసేది ఎన్ని నిమిషాలు? ఆడవాళ్ళకి ఆడ థెరపిస్టు ఉన్నారా, లేకపోతే తోడుగా వచ్చినవాళ్ళు గదిలో ఉండొచ్చా? వదులైన షార్టు తీసుకెళ్ళండి, కడుపు నిండా తిని గంట కాకుండా బోర్లా పడుకోవద్దు. నడుముకి చేయించుకున్న రోజు గాజువాక దాకా గతుకుల మీద స్కూటీ నడుపుకుంటూ పోయే బదులు బస్సో ఆటోయో ఎక్కండి, దిగాక పది నిమిషాలు నడవండి. ఒకటి రెండు రోజులు సలుపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మూడు రోజులు దాటినా, కాలిలోకి కొత్తగా తిమ్మిరి దిగినా, ఆ థెరపిస్టుకే ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్ ఎత్తుతారా లేదా అన్నది కూడా సేవలో భాగమే.